ఐదు ఖాళీలు, నేను నింపినవి

యూరప్‌లో యూదులను లక్షలకు లక్షలుగా చంపిన సంగతిని పదేళ్ల ఆడపిల్లలకు చెప్పడానికి నేను మూడు పద్ధతులు వాడాను. మొదటిది లెక్క, రెండోది కథ, మూడోది పాట. మూడూ కర్నూలులోనే, ఒకే బడిలో, ఒకే తరగతిలో, ఎనిమిది నెలల్లోపల. మొదటి రెండూ ఎట్లా చెడిపోయాయో చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. మూడోది చెడగొట్టడానికి మాత్రం నేను బాగా కష్టపడ్డాను.

తేదీలు జ్ఞాపకం మీద రాయడం లేదు. ఉద్యోగంలో చేరిన రోజునుంచి నోటుబుక్కులు రాసిపెట్టుకున్నాను. ఏ రోజు ఎంతమంది పిల్లలు వచ్చారు, ఏ పాఠానికి ఎన్ని నిమిషాలు పట్టింది, గంట ఎన్ని నిమిషాలు ఆలస్యంగా కొట్టారు, అన్నీ ఉంటాయి. మా ఇంట్లోవాళ్లు దీన్ని జబ్బు అంటారు. జబ్బయితే ఈపాటికి తగ్గి ఉండాలి.

నాది కడప. ఇరవై ఒకటో ఏట, 1954 జూన్‌లో, ఒక ట్రంకు పెట్టెతో కర్నూలులో దిగి ఒక ఆడపిల్లల బడిలో చేరాను. రాజధాని వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయి, గుమాస్తాలు డేరాల్లో కాపురముంటున్నారు. నాకు ఫస్టు ఫారం ఇచ్చారు. ముప్పై ఏడుగురు పిల్లలు. చరిత్ర, లెక్కలు రెండూ నావే.

చరిత్ర పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధానికి ఆరు పంక్తులు ఇచ్చారు. అందులో యూదుల మాట లేదు. నేనేమో కడపలో చదువుకునే రోజుల్లో రీడింగ్ రూములో పాత పత్రికలు తిరగేసి ఆ సంగతి తెలుసుకున్నదాన్ని. పుస్తకంలో లేనిది నాకు తెలుసన్న గర్వం ఒకటి ఉండేది. జులై 12, సోమవారం, మూడో పీరియడులో ఆ గర్వాన్ని బోర్డు మీద రాశాను: అరవై లక్షలు.

పిల్లలు కదల్లేదు. అరవై లక్షలు వాళ్లకు పెద్ద సంఖ్య, అంతే. అందుకని విడమరిచి చెప్పాను. మూడేళ్ల కిందటి జనాభా లెక్కల్లో కర్నూలు ఊరికి అరవై వేల పైచిలుకు. కాబట్టి చనిపోయినవాళ్లు సుమారు వంద కర్నూళ్లు. భాగహారం బోర్డు మీద చేసి చూపించి, వాళ్ల ముఖాల్లో దుఃఖం కోసం చూశాను.

మొదటి బల్ల మీద కోడుమూరు వైపునుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే పిల్ల ఒకతి ఉండేది. చేయి ఎత్తింది.

“టీచర్, వంద కర్నూళ్లంటే అన్ని డేరాలు యాడ ఏస్తారు?”

వెనక బల్ల నుంచి ఇంకొకతి, “హంద్రీ సాలదు మే. తుంగభద్ర ఇసకలో ఏయాల్సిందే” అంది.

పక్కది, “వంద కర్నూళ్లుంటే వంద సినిమా డేరాలు కూడా ఉంటాయి” అంది.

తరగతి మొత్తం వెలిగిపోయింది. నేను చెప్పదలచుకున్నది చావు. వాళ్లకు కనపడింది తిరునాళ్ల. పీరియడులో మిగిలిన పదకొండు నిమిషాలు భిన్నాలు చెప్పించాను.

గంట కొట్టాక వరండాలోకి వస్తే గంట కొట్టే మనిషి నాకోసం నిలబడి ఉన్నాడు. సాయెబు, నలభై ఐదేళ్లుంటాయి, చూడ్డానికి అరవై. పిల్లలు గంట మామ అనేవాళ్లు, నేనూ మామా అనే పిలిచేదాన్ని. ఒకప్పుడు మిలిటరీలో సిపాయి అని తెలుసు.

“టీచరమ్మా, ఇందాక చెప్తాంటిరే, ఆ జనాన్ని నేను జూసినా.”

“ఏ జనాన్ని మామా?”

“అదే, లెక్క జేసి జెప్తిరి కదా. సచ్చినోళ్లను కాదు. మిగిలినోళ్లను.”

యుద్ధం ముగిశాక అతని పటాలాన్ని ఇటలీలోనే కొన్నాళ్లు ఉంచారట. సముద్రం ఒడ్డున ఒక శిబిరం. ఇల్లూ ఊరూ లేకుండా పోయిన యూదులు అక్కడ ఓడ కోసం కాచుకొని ఉండేవాళ్లు. ఇతను రొట్టెల లారీ మీద రోజూ పోయేవాడు. ఎనిమిది తొమ్మిదేళ్ల పాప ఒకతి సాయంత్రమయ్యేసరికి గోడకు మొహం పెట్టుకొని, కళ్లు మూసుకొని, ఒకే పాట పాడేది. దాగుడుమూతల్లో దొంగ అయిన పిల్ల, దాక్కున్నవాళ్లను పిలిచే పాట. ఆ పాప మాట నర్సుకు, నర్సు మాట సుబేదారుకు, సుబేదారు మాట ఇతనికి. అలా నాలుగు నోళ్లు దాటి తెలిసింది ఏమిటంటే, ఆ పాట పాడుతూ ఆ పాపతో కలిసి ఆడుకున్న పిల్లలు ఆ వీధిలో ఐదుగురు. ఐదుగురూ లేరు.

“మీ ఊర్లో పిల్లోళ్లుండారా అని అడిగిండాది. ఉండారంటి. అయితే వాళ్లకు నేర్పు అనె. సరే అని మాటిచ్చినా. ఎనిమిదేండ్లాయె.”

“ఎనిమిదేళ్లు ఏం చేశావు మరి?”

“వచ్చినాక మీ జిల్లాలోనే, ముగ్గురాయి గనిలో పని దొరికె. గనిలో పిల్లోళ్లుంటారు గాని పాటకు తీరికుండదు. అందుకే ఇడిసిపెట్టి ఈడ గంట కొట్టేకి వస్తి. ఈడేమో పెద్ద టీచరు, గంట కొట్టేటోడు గంట కొట్టాల, పాఠం జెప్పేటోళ్లు పాఠం జెప్పాల అనె. అదీ నిజమే.” ఆగి దగ్గాడు. “పెద్దాసుపత్రి డాక్టరు జూసినాడు టీచరమ్మా. రొమ్ము నిండా మీ ఊరి రాతిదుమ్మేనంట. వచ్చే ఏడు పాడేకి ఊపిరి ఉంటాదో లేదో. అది ఎట్లుండాదో అట్లే, ఒక్కతూరి పిల్లోళ్ల నోట ఇంటే సాలు నాకు.”

“ఎట్లుండాదో అట్లే” అన్న మాటను ఆ రోజు నోటుబుక్కులో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను. గీత ఇప్పటికీ చక్కగా ఉంది. రూళ్లకర్ర పెట్టి గీసినట్టున్నాను.

వెంటనే పాట నేర్పించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ పాటకు ముందు పిల్లలకు విషయం తెలియాలి కదా, అందుకు కథ కావాలి కదా అనుకున్నాను. పిల్లల కథలు రాయడం అంతకుముందు నాకు అలవాటు లేదు. అది అడ్డం కాలేదు. పద్నాలుగు పేజీల కథ రాశాను. అందులో ఒక పావురం శిబిరం మీదుగా ఎగురుతూ కనిపించినవన్నీ చెబుతుంది. పావురానికి వ్యాకరణం బాగా వచ్చు. మధ్యమధ్య ఆగి నీతులు చెబుతుంది. ఎనిమిది నీతులు, లెక్కపెట్టాను.

ఆగస్టు 6న చదివి వినిపించాను. యాభై రెండు నిమిషాలు పట్టింది. తొమ్మిదిమంది నిద్రపోయారు. చదవడం అయ్యాక సందేహాలేమైనా ఉన్నాయా అని అడిగితే మొదటి బల్ల పిల్ల లేచింది.

“ఆ పావురానికి పెండ్లయిందా టీచర్?”

వరండాలో మామ మొత్తం విన్నాడు. ఎలా ఉందని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

“బాగుండాది టీచరమ్మా. పావురం మాట్లాడ్తాండాది.”

“పిల్లల కథ కదా మామా, అందుకని.”

“అవులే. ఆ పాపకు జెప్పింటే మాత్రం అడిగేది, పావురం ఇంత మాట్లాడ్తాంటే మనుషులు ఏం జేస్తాండిరి అని.”

ఆ పద్నాలుగు పేజీలు చాలాకాలం దాచాను. 1961లో చెదలు తిన్నాయి. చెదలొక్కటే దాన్ని చివరిదాకా శ్రద్ధగా చదివింది.

ఇక పాట. కథ చదివిన మర్నాడు శనివారం, ఇంటర్వెల్‌లో గంట కింద మెట్ల మీద కూర్చొని మామ పాడాడు. పిల్లలు చుట్టూ చేరారు. మాటలు ఏ భాషో నాకు తెలియదు, అతనికీ తెలియదు. సగం అక్షరాలు, సగం కూనిరాగం. వరస మాత్రం ఒక్కసారి వింటే పట్టుకునేటట్టుంది. పిలుపు కాబట్టి ప్రతి పంక్తి చివర పైకి లేస్తుంది. లేచి, ఆగుతుంది. అక్కడ మామ పాట ఆపి, చూపుడువేలు పైకెత్తి, కాసేపు ఉండి, మళ్లీ అందుకుంటాడు. అట్లా ఐదుచోట్ల. ఒకచోట తక్కువసేపు, ఒకచోట ఎక్కువసేపు. చివరి దగ్గర ఆగి మరి అందుకోనే లేదు.

ఎదురుగా ఉన్నది రొమ్ము చెడిన మనిషి. పంక్తి పాడతాడు, ఆగుతాడు, వేలెత్తుతాడు. దీనికి అర్థమేమిటో తెలుసుకోవడానికి నాకు రెండు సెకండ్లు కూడా పట్టలేదు. పాపం, ఊపిరి అందడం లేదు. కాసేపుండమని వేలు చూపిస్తున్నాడు.

“తొందర లేదు మామా. ఊపిరి తీసుకొని పాడు” అన్నాను.

“ఊపిరి గాదు టీచరమ్మా, అది...”

“నాకు తెలుసులే” అన్నాను.

నా జీవితంలో నేను ఎక్కువసార్లు వాడిన మాట అదే అయివుంటుంది. లెక్క పెట్టలేదు.

చిన్నప్పుడు కడపలో మూడేళ్లు సంగీతం నేర్చుకున్నాను. గొంతు రాలేదు, తాళం వచ్చింది. ఆ రోజు ఇంటికి పోయి మామ పాడినదాన్ని తాళంలో కూర్చోబెట్టి చూస్తే ఐదుచోట్ల బొర్రలు తేలాయి. ఒకచోట రెండు దెబ్బలు తక్కువ, ఒకచోట ఏడు. తాళంలో బొర్రలుంటే నాకు అన్నం సహించదు. పైగా మా వైపు చెక్కభజనలో ఖాళీ అనేది ఎవరూ ఉంచరు. పాట ఆగినచోట చెక్కలు మోగాలి, చెక్కలు ఆగినచోట గజ్జెలు మోగాలి. కాబట్టి ఆ ఊపిరి తీసుకునే చోట్లన్నీ సమానం చేశాను, ఒక్కొక్కటి నాలుగు దెబ్బలు. మాటలు నేనే రాశాను. “రండి రండి పిల్లలారా, పొద్దు గుంకెను” అని మొదలవుతుంది. నాలుగు దెబ్బల ఖాళీ వచ్చినచోటల్లా ఒక విషయం పెట్టాను. మొదటి ఖాళీలో యుద్ధం మొదలైన సంవత్సరం. రెండో ఖాళీలో ముగిసిన సంవత్సరం. మూడో దాంట్లో “అక్షరాలా అరవై లక్షలు”. నాలుగో దాంట్లో “అనగా వంద కర్నూళ్లు”. ఐదో దాంట్లో “మరువరాదు మరువరాదు”, చెక్కల మోతతో ముక్తాయింపు. పందొమ్మిది వందల ముప్పై తొమ్మిది అన్నది నాలుగు దెబ్బల్లో పట్టదు. రెట్టింపు వేగంతో పాడిస్తే పట్టింది. పిల్లలకు నాలుక మడతపడేది. సాధన చేయించాను.

ఆ ఆగస్టులోనే మామ దగ్గర పిల్లలు పాటను నేర్చుకొని ఉన్నారు, అతనికి ఇంకా తిరిగి పాడి వినిపించలేదు. అతని పద్ధతీ నా పద్ధతీ కలిసిపోతాయని భయపడి, పాతది ఇక బడిలో పాడగూడదని చెప్పాను. మామ గంట దగ్గర నిలబడి విన్నాడు. ఏమీ అనలేదు. అనబోతే నాకు తెలుసు అంటానని అతనికి తెలుసు.

బడి వార్షికోత్సవం 1955 ఫిబ్రవరి 5, శనివారం, సాయంత్రం నాలుగింటికి. బడులను తనిఖీ చేసే ఇన్‌స్పెక్ట్రెస్‌గారు ముఖ్య అతిథి. మా పాట ఏడో అంశం. పదహారుమంది పిల్లలు, ముప్పై రెండు చెక్కలు, కాళ్లకు గజ్జెలు. ఒక్క దెబ్బ తప్పలేదు. “అనగా వంద కర్నూళ్లు” దగ్గర సభలో ఉన్న తండ్రులంతా ఊరి పేరు విని చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు మాట్లాడుతూ, చరిత్ర, గణితం, సంగీతం మూడూ ఒకే పాటలో ఇమిడ్చిన టీచరును ఇంతవరకు చూడలేదన్నారు. ఆ వాక్యాన్ని కూడా రాసుకున్నాను. అందులో మెచ్చుకోలు ఎంతో ఇప్పుడు నాకు అనుమానమే.

జనం వెళ్లాక మామ కుర్చీలు మడుస్తున్నాడు. దగ్గరికి పోయి నిలబడ్డాను.

“పిల్లోళ్లు శానా బాగ ఆడిరి టీచరమ్మా.”

“పాట?”

“మీ పాట బాగుండాది.”

“నా పాటేమిటి మామా? నీ పాటే కదా.”

“నాది గాదు, ఆ పాపదీ గాదు. మీదే.” ఒక కుర్చీ గోడకు ఆనించి, ఇంకొకటి తీసుకున్నాడు. “దాక్కున్నోళ్లు పలికేకి సందే ల్యాకుండ జేస్తిరి.”

అంతే అన్నాడు. కోపం లేదు. నా తేదీల మీద, నా చెక్కల మీద ఒక్క మాట లేదు. మిగిలిన కుర్చీలు మడవడానికి పోయాడు. నేను ఆ మాటను పట్టుకొని ఇంటికి పోయాను. ఆదివారమంతా అది ఉడకని కందిపప్పులాగా ఉండిపోయింది. సోమవారం అడుగుదామంటే మామ బడికి రాలేదు. గంట మూడో ఫారం టీచరు కొట్టింది, రెండు నిమిషాలు ఆలస్యంగా.

మంగళవారం బడి వదిలాక వాళ్లింటికి పోయాను. పాతబస్తీలో చిన్న గది, ముందర తడకల పంచ. మామ నులకమంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. వాళ్లామె నాకు పీట వేసింది.

“మాట్లాడితే దగ్గు ఆగదు టీచరమ్మా ఈయనకు. మీరే మాట్లాడండి, తలకాయ ఊపుతాడు.”

నేనే మాట్లాడటం వల్ల ఇంతవరకు వచ్చిందని ఆమెకు తెలియదు. “ఈసారి నేను మాట్లాడను. మామ ఎంతసేపు తీసుకున్నా సరే” అన్నాను.

అతను పాడలేకపోయాడు. ప్రయత్నించి, ఒక పంక్తికే వంగిపోయాడు. చెప్పాడు, రెండేసి మాటలుగా. దొంగ అయిన పిల్ల ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేర్లు అతని నోటికి తిరగలేదు, అందుకే అక్కడ కూనిరాగం. పేరు పిలిచాక ఆగాలి. దాక్కున్న పిల్ల ఉన్నచోటినుంచి పలుకుతుంది. మొదటిది దగ్గర్లోనే దాక్కుంటుంది, గబుక్కున పలుకుతుంది. రెండోదానికి సిగ్గు. మూడోవాడు అందరికన్నా దూరం పోతాడు, వాడి గొంతు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. నాలుగోది ముందు నవ్వి తర్వాత పలుకుతుంది. ఐదోవాడు అందరికన్నా చిన్నోడు, ఆ పాప తమ్ముడే. దాక్కున్నచోటే నిద్రపోతాడు, ఎప్పుడూ పలకడు. అందరూ నవ్వుకొని, వచ్చి దొంగ చెయ్యి పట్టుకొని, రా పోయి ఎతుకుదాం అంటారు. అప్పుడే ఆట అయిపోయినట్టు.

శిబిరంలో ఆ పాప ఒక్కతే పాడేటప్పుడు కూడా ఎవరి సందు వాళ్లకు అంతే ఇచ్చేదట. దగ్గరిదానికి కొంచెం, దూరంవాడికి ఎక్కువ. ఐదోదాని దగ్గర మాత్రం అట్లే నిలబడిపోయేది. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుంటే తప్ప గోడ దగ్గరినుంచి కదిలేది కాదు.

అంటే ఆ ఐదుగురూ పలకవలసిన చోట, ఒకదాని తర్వాత ఒకటి, రెట్టింపు వేగంతో, పలికింది నేను. సంవత్సరాలు చెప్పాను.

నాకు ఏడవడం సరిగా రాదు. వచ్చిందల్లా లెక్కపెట్టడం. చేతి గడియారం విప్పి మంచం మీద పెట్టి, పాట మనసులో పాడుకొని సందు ఎంతో వేలితో చూపించమన్నాను. అతను కళ్లు మూసుకొని వేలెత్తాడు, దించాడు. మొదటిది మూడు సెకండ్లు. రెండోది ఐదు. మూడోది తొమ్మిది. నాలుగోది నాలుగు. రెండుసార్లు చేయించాను. రెండుసార్లూ ఒక్క సెకండు తేడా లేదు. ఐదోదానికి వేలెత్తి దించలేదు. దగ్గు వచ్చి దిగింది. నోటుబుక్కులో ఐదో అంకె పక్కన “కొలత లేదు” అని రాశాను.

బుధవారం ఆ పాప సంగతి, ఆ ఐదుగురి సంగతి పిల్లలకు చెప్పి, ఆ అంకెలు బోర్డు మీద రాసి, పాట ఇక ఇలా పాడాలని చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను, కాస్త చిన్న గొంతుతో. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకొని మూతులు కప్పుకున్నారు.

“ఏమిటే?”

మొదటి బల్ల పిల్లే లేచింది. “టీచర్, మేము ఎప్పుడూ అట్లే పాడుకుంటాండాము.”

“ఎక్కడ?”

“ఇంటికి పొయ్యేటప్పుడు, హంద్రీ ఇసకలో. బడిలో పాడొద్దంటిరి కదా.”

“ఎప్పటినుంచి?”

“గంట మామ నేర్పించినప్పటినుంచి.”

ఆగస్టు నుంచి ఫిబ్రవరి. ఆరు నెలలు. “మరి నేను నేర్పింది?”

“అది మీ ముందర పాడ్తాము టీచర్. మార్కులకు.”

“ఆగినచోట ఏం చేయాలో మీకు ఎవరు చెప్పారు?”

“ఎవరూ జెప్పలేదు. దాగుడుమూతలు కదా టీచర్. పిలిస్తే పలికేదాక ఆగల్ల కదా.” నా మొహం చూసి జాలిపడినట్టుంది. “మీరు ఆడల్యా టీచర్, చిన్నప్పుడు?”

ఆడలేదు. కడపలో నేను చిన్నప్పుడు దాగుడుమూతల్లో ఎవరు ఎన్నిసార్లు దొంగ అయ్యారో పలకమీద రాసేదాన్ని.

అయితే ఇప్పుడు పాట పిల్లల నోట ఉంది, అది వినవలసిన మనిషి మంచం మీద ఉన్నాడు. వాళ్లు హంద్రీ ఇసకలో ఆరు నెలలు పాడినా బడి మెట్ల మీద కూర్చున్న అతని చెవిన పడకుండా చేసింది నా నిషేధం. రోజూ హాజరు పట్టీ వేసినట్టే గంట వైపు చూసేదాన్ని. మామ రాని పనిదినాలు తొమ్మిది.

ఫిబ్రవరి 17, గురువారం వచ్చాడు. చొక్కా అతని మీద వేరేవాళ్లదిలాగా వేలాడుతోంది. తొమ్మిదిన్నరకు గంట కొట్టాడు, నాలుగు దెబ్బలకు రెండుసార్లు ఆగి. పదకొండుకు ఇంటర్వెల్ గంట కొట్టి మెట్ల మీద కూర్చోగానే మొదటి బల్ల పిల్ల పోయి ఎదురుగా గోడకు మొహం పెట్టుకొని నిలబడింది. మిగతావాళ్లు చెట్ల చాటుకు, నీళ్ల తొట్టి చాటుకు, వంటగది వెనక్కు పరుగెత్తారు. ఆ పిల్ల పాట ఎత్తుకుంది. నా మాటలు కావు, వాళ్ల మాటలే.

“తొట్టి చాటున ఎవరమ్మా?”

ఆగింది. చెక్కలు లేవు, గజ్జెలు లేవు. ఎవరూ పలకలేదు. పలకకూడదని వాళ్లే అనుకున్నారట. ఆ ఐదుగురే పలకాలి కదా అని.

“గుంజ చాటున ఎవరమ్మా?”

నేను వరండాలో గడియారం చేతిలో పట్టుకొని నిలబడ్డాను. మూడు. ఐదు. మూడో పిలుపు దగ్గర తొమ్మిది సెకండ్లు, బడి ఆవరణలో అంతమంది పిల్లలుండి అంత నిశ్శబ్దం నేను అంతకుముందు వినలేదు. నాలుగు. మామ వేలు మోకాలి మీద లేస్తూ దిగుతూ ఉంది. ఎక్కడా తేడా లేదు. నాకెంతో తృప్తిగా ఉంది. ఒక్కొక్క అంకె పక్కన టిక్కు పెట్టుకుంటున్నాను.

ఐదో పిలుపు అయింది. పిల్ల గోడ దగ్గరే నిలబడింది. పది సెకండ్లు. ఇరవై. నిమిషం. పిల్లలు చాటునుంచి తొంగి చూస్తున్నారు. ఇంటర్వెల్ పది నిమిషాలే. అయిపోయింది. మామ గంట వైపు చూడలేదు. నావైపు చూశాడు.

“టీచరమ్మా.”

“ఉండు మామా. లెక్కపెడుతున్నాను.”

“ఎంతసేపు పెడ్తారు? అది మీరు పోతేనే గదా అయిపొయ్యేది.”

అప్పుడు అర్థమైంది. ఆ పిల్లలందరూ ఎదురుచూస్తున్నది నాకోసం. గడియారం మెట్ల మీద పెట్టి పోయి, ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చెమటగా ఉంది. “రా, పోయి వెతుకుదాం” అన్నాను. నా గొంతు ఎట్లా ఉందో నాకు తెలియదు, కానీ ఆ పిల్ల నావైపు చూసి నవ్వలేదు. ఇద్దరం ఆవరణంతా తిరిగాం. తొట్టి చాటున, గుంజ చాటున, వంటగది వెనక. దాక్కున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి మా వెనక నడిచారు. ఒక చుట్టు తిరిగి మెట్ల దగ్గరికి వచ్చేసరికి మామ రెండు చేతులూ మొహానికి రుద్దుకుంటున్నాడు, దువా చేసుకున్నాక చేసినట్టు.

“అదే టీచరమ్మా. అదే పాట” అన్నాడు. తర్వాత లేచి గంట కొట్టాడు.

పెద్ద టీచరు ఆఫీసుగదిలోంచి వచ్చింది. “ఇంటర్వెల్ ఇరవై మూడు నిమిషాలు జరిగింది. కారణం?”

గంటకు ఒక రిజిస్టరు ఉండేది, ఆలస్యమైతే కారణం రాయాలి. ఆ రిజిస్టరు పెట్టించింది నేనే. “గడియారం ఆగిపోయిందండి” అన్నాను.

ఆమె లోపలికి పోయి గోడ గడియారం చూసింది. అది శుభ్రంగా నడుస్తోంది. బయటికి వచ్చి మామను చూసింది, పిల్లలను చూసింది, నన్ను చూసింది. “అయితే అదే రాయండి” అంది. రాశాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను తెలిసి రాసిన తప్పు లెక్క అదొక్కటే.

ఏప్రిల్ దాకా మామ గంట కొట్టాడు. సెలవులు అయిపోయాక రాలేదు. జులైలో పోయాడని వాళ్లామె వచ్చి చెప్పింది. అప్పటికి ఆ పాట సెకండ్ ఫారంలోకి, వాళ్ల చెల్లెళ్ల ద్వారా కింది తరగతుల్లోకి పోయింది. ఎవరూ నా అనుమతి అడగలేదు.

1957 జూన్‌లో నన్ను కడపకు మార్చారు. అక్కడా ఫస్టు ఫారమే, నలభై రెండుమంది. యూదుల సంగతి చెప్పాలనుకున్నాను. బోర్డు మీద అరవై లక్షలు రాయలేదు. పావురాన్ని పిలవలేదు. శిబిరంలోని పాప గురించి, ఆ ఐదుగురి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, పదకొండు నిమిషాలు పట్టింది. పాట వరస ఒక్కసారి కూనిరాగం తీసి, ఆగవలసినచోట ఆగి, మాటలు మీరే పెట్టుకోండి అని చెప్పి తరగతి బయటికి వచ్చి నిలబడ్డాను. లోపల నాకు నచ్చనివి చాలా జరిగాయి. తాళం లేదు. మాటల్లో ప్రాస లేదు. “మేడ” అనవలసినచోట “మిద్దె” అన్నారు. పలక్కూడని చోట ఒకతి తుమ్మింది. రెండుసార్లు తలుపుదాకా పోయి వెనక్కు వచ్చాను.

ఐదోసారి పాట ఆగినప్పుడు మాత్రం లోపలికి పోయాను.